ఏ ఏటి అంబాసిడర్ మేలు?

పాతకారు కొనబోయేవారికి తెలిసినవారు చెప్పే మొదటి మాట, "మోడల్ ఏ సంవత్సరమో చూసుకో" అని. ఈ మాట వెనుక ఒక నమ్మకం ఉంది. తయారీదారు ఏటికేడాది తన బండిలోని లోపాలను దిద్దుకుంటూ పోతాడనీ, ఒక నమూనా మొదటి సంవత్సరంలో బయటపడిన తప్పులు మూడో సంవత్సరానికి సర్దుకుంటాయనీ, కాబట్టి ఆ వరుసలో ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలిసినవాడు మంచి బండి కొనగలడనీ ఆ నమ్మకం. పోటీ ఉన్న చోట తయారైన కార్ల విషయంలో ఇది చాలావరకు నిజమే.

అంబాసిడర్ విషయంలో మాత్రం ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టుగా వాడుకోవడానికి వీలుపడదు. 1957-58 ప్రాంతంలో మొదలై 2014 మే నెలలో ఆగిపోయిన ఈ కారు, అర్ధశతాబ్దికి పైగా దాదాపు ఒకే ఆకారంతో వెలువడింది. తండ్రి కొన్న బండినీ, ముప్పయ్యేళ్ళ తర్వాత కొడుకు కొన్న బండినీ పక్కపక్కన నిలబెడితే, తెలియనివారి కంటికి ముందు జాలీలోనూ దీపాలలోనూ తప్ప తేడా కనిపించదు. అటువంటి బండికి సంవత్సరం చూడడమంటే ఏమి చూడడం?

నేను కొంతకాలంగా పాత అంబాసిడర్ ఒకటి కొనాలన్న ఆలోచనలో ఉన్నాను. ఆ పని మీద చదివిన సంగతులనూ, షెడ్లలో మేస్త్రీలను అడిగి తెలుసుకున్న సంగతులనూ ఒక క్రమంలో పెట్టే ప్రయత్నం ఈ వ్యాసం. కొనుగోలు లెక్కగా మొదలైన ఈ వెతుకులాట పోనుపోను చరిత్రలోకి దారితీసింది. ఈ కారు సి-బుక్కులో ఉన్న సంవత్సరం బండి వయసుతో పాటు ఆనాటి దేశపు ఆర్థిక విధానాన్ని కూడా చెబుతుంది. ఆ విధానం తెలియనిదే ఏ ఏటి బండి మేలో తేల్చడం కష్టం.

* * *

హిందుస్తాన్ మోటార్స్‌ను బి.ఎం. బిర్లా 1942లో స్థాపించారు. గుజరాత్ తీరాన ఓఖా రేవు దగ్గర ఒక చిన్న కర్మాగారంతో మొదలైన ఆ సంస్థ, 1948లో కలకత్తా సమీపంలోని ఉత్తరపారాకు మారింది. బ్రిటన్‌లోని మారిస్ కార్లను ఇక్కడ హిందుస్తాన్ పేరుతో తయారుచేసి అమ్మడం వారి పద్ధతి. మారిస్ టెన్ ఇక్కడ హిందుస్తాన్ టెన్ అయింది. మారిస్ మైనర్ బేబీ హిందుస్తాన్ అయింది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణి 1954లో ల్యాండ్‌మాస్టర్ అయింది. ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి అంబాసిడర్ అయింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. ఆ మూడవ శ్రేణి ఆక్స్‌ఫర్డ్ తన పుట్టినింట, అంటే ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీ కర్మాగారంలో, 1956 నుంచి 1959 వరకు మాత్రమే తయారైంది. పుట్టింట మూడేళ్ళు బతికిన కారు మెట్టినింట యాభయ్యేళ్ళు దాటి కాపురం చేసిందన్నమాట. అంత మన్నిక కలిగిన నిర్మాణం కాబట్టే నిలిచిందని కొందరంటారు. వేరే దారి లేక నిలిచిందని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. ఆ రెండు నిజాలు ఏ సంవత్సరంలో ఏ పాళ్ళలో ఉన్నాయో చూడడమే ఈ వ్యాసంలో నేను చేయదలచిన పని.

ముందు నిర్మాణం గురించి నాలుగు మాటలు. లారీకి ఉన్నట్టు అడుగున వేరే ఛాసిస్ చట్రం ఈ కారుకు లేదు. రేకుల పెట్టె మొత్తం ఒకే ఒడ్డుగా బరువు మోస్తుంది. ముందు చక్రాలకు మెలిపడే ఉక్కు కడ్డీలు, వెనుక చక్రాలకు కమాను కట్టలు. ముందు సీటు సోఫాలాగా ఒకే బల్ల. గేరు కడ్డీ స్టీరింగు కింద, చేతికి అందేటట్టు ఉండేది కాబట్టి దానిని మన డ్రైవర్లు హ్యాండు గేరు అన్నారు. మొట్టమొదటి బండ్లలో పక్కవాల్వుల ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 1,489 సీసీ పెట్రోలు ఇంజను వచ్చింది. దాని శక్తి 55 హార్స్ పవర్. ఈ అంకెను జ్ఞాపకం పెట్టుకోండి, ముందుముందు దీనితో పని ఉంది.

* * *

1950లలో దేశంలోని కార్ల పరిశ్రమకు ఒక సరిహద్దు గీశారు. టారిఫ్ కమిషన్ 1953లో ఇచ్చిన నివేదిక తరువాత, విడిభాగాలు తెచ్చి బిగించడమే తప్ప ఇక్కడ తయారుచేసే ప్రణాళిక లేని సంస్థలకు చోటు లేకుండా పోయింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు వెళ్ళిపోయాయి. మిగిలినవారిలో సామాన్యులు కొనగల కార్లు తయారుచేసినవి ముఖ్యంగా మూడు: ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. ఎవరు ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెప్పేది. దిగుమతికి విదేశీ మారకద్రవ్యం లేదు. కొనేవాడు డబ్బు కట్టి వరుసలో నిలబడాలి.

1959లో మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. కొత్తకారు కొన్నవారు రెండేళ్ళదాకా దానిని మారుబేరానికి అమ్మకూడదన్న నియమం ఆ కాలపు సంగతే. ఎందుకీ నియమం? కొత్తకారు కొని బయటికి తెచ్చిన మరుక్షణమే దానిని ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చు కనుక. వరుసలో నిలబడే ఓపిక లేనివాడు, నిర్ణయించిన ధరకన్నా ఎక్కువిచ్చి వాడినకారు కొనుక్కునేవాడు. "వాడింది కనుక తక్కువ" అన్న ప్రపంచపు అంగడి సూత్రం మన దగ్గర కొన్నేళ్ళు తలకిందులుగా నడిచింది. 1969లో ప్రభుత్వం కార్ల ధరలకు చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి విధించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. ధర ఎంత ఉండాలన్నది న్యాయస్థానంలో తేలవలసిన సంగతి అయింది.

ధర గురించి ఇంత తగవు నడిచిన కాలంలోనే నాణ్యత గురించి కూడా ఫిర్యాదులు పెరిగాయి. 1960ల చివర్లో దేశంలో తయారవుతున్న కార్ల నాణ్యతపై విచారణకు ప్రభుత్వం పాండే అధ్యక్షతన ఒక సంఘాన్నే నియమించవలసి వచ్చింది. కొనేవాడికి అంగడిలో ఎంపిక లేకపోతే ఆ పని సంఘాలు చేయవలసి వస్తుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఈ కాలపు బండి మార్క్ 2. 1962 ప్రాంతంలో వచ్చి 1975 దాకా కొనసాగింది. ముందుభాగంలో సన్నని గళ్ళ జాలీ, మార్చిన డ్యాష్‌బోర్డు దీని గుర్తులు. పాతకార్లు సేకరించేవారు ఎక్కువ ముచ్చటపడేది దీనినే. కారణం రూపం ఒక్కటే కాదు. అచ్చులు అప్పటికింకా పెద్దగా అరగలేదు. తలుపు మూసినప్పుడు దాని అంచూ బాడీ అంచూ చక్కగా కలిసే బండ్లు మార్క్ 2లో ఎక్కువని, రేకుపని చేసేవారు నాతో ఒకరికి ఇద్దరు అన్నారు. ఒకే అచ్చు మీద దశాబ్దాల తరబడి రేకు కొడుతూ పోతే ఆ అంచులు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. కాబట్టి రేకుపనిలో పాత సంవత్సరమే మేలు. "కొత్తది మేలు" అన్న సూత్రానికి ఇది మొదటి దెబ్బ.

* * *

1975లో మార్క్ 3 వచ్చింది. జాలీ మారింది, ముందు ఇండికేటర్లు జాలీ నుంచి విడిపోయి గుండ్రటి దీపాలయ్యాయి. 1979లో మార్క్ 4 వచ్చింది. జాలీ చిన్నదైంది, దీపాలు చతురస్రమయ్యాయి. ఇంజను మాత్రం అదే 1,489 సీసీ, అదే 55 హార్స్ పవర్. ఇరవయ్యేళ్ళ పైబడి పెట్రోలు బండి గుండె మారలేదు. ముఖానికి రెండుసార్లు అలంకరణ మాత్రం జరిగింది.

ఈ కాలంలో వచ్చిన అసలైన మార్పు డీజిలు. 1980లో మార్క్ 4కు 1,489 సీసీ డీజిలు ఇంజను అమర్చారు. దేశంలో తయారైన మొదటి డీజిలు కారు అదే. దాని శక్తి 37 హార్స్ పవర్. అంత బరువైన బండికి అది చాలా తక్కువ. నలుగురు ఎక్కి ఘాట్ రోడ్డు మీద ఎక్కుతుంటే, లారీ వెనక నుంచి హారన్ కొట్టేదని పాతతరం డ్రైవర్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. అయినా ఆ బండి టాక్సీ యజమానుల పాలిట కామధేనువైంది. పెట్రోలుకన్నా డీజిలు చౌక. ఇంజను మొరటుదే కాని మొండిది. మన జిల్లాల్లో ఊరికీ ఊరికీ మధ్య తిరిగిన టాక్సీలు, పెళ్ళివారిని మోసిన బండ్లు, ఆసుపత్రికి పరుగెత్తిన బండ్లు చాలావరకు ఇవే.

ఇంతలో 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది. దీనిని గురించి చాలామంది రాశారు కనుక నేను ఒక్క ముక్కతో ముగిస్తాను. సొంతానికి కారు కొనుక్కునేవాడికి మొదటిసారి వేరే దారి దొరికింది. అంబాసిడర్ వైపు మిగిలినవారు ఇద్దరు: ప్రభుత్వం, టాక్సీవాడు. ఇద్దరూ కారు నాణ్యతను సొంతదారు అడిగినట్టు అడగరు. ప్రభుత్వానికి అలవాటు ముఖ్యం, టాక్సీవాడికి మరమ్మతు ఖర్చు ముఖ్యం.

ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇక్కడే ఉంది. 1984లో హిందుస్తాన్ మోటార్స్ కాంటెస్సా అన్న పెద్దకారును తెచ్చింది. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్ దానికి మూలం. అంత పెద్ద బండికి మొదట పెట్టింది అంబాసిడర్‌లోని ఆ పాత 1,489 సీసీ ఇంజనే. అది లాగలేకపోయింది. 1980ల చివర్లో జపాన్‌కు చెందిన ఇసుజు వారి 1,817 సీసీ ఇంజనును మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో తయారుచేసి కాంటెస్సాకు అమర్చారు. బండి స్వభావమే మారిపోయింది. అంటే 1980లు ముగిసేసరికే ఈ సంస్థ చేతిలో మంచి ఇంజను ఉంది. కాని అంబాసిడర్ కొనేవాడికి మాత్రం అది ఇంకా కొన్నేళ్ళు దక్కలేదు. 1990లో అంబాసిడర్ నోవా వచ్చినప్పుడు కూడా స్టీరింగు, బ్రేకులు, విద్యుత్తు ఏర్పాట్లు కొంత బాగుపడ్డాయి కాని, పెట్రోలు ఇంజను అదే 55, డీజిలు అదే 37. అడిగేవాడు లేనప్పుడు ఇవ్వవలసిన అవసరం ఉండదు.

* * *

అవసరం 1990ల మొదట్లో వచ్చింది. 1990లోనే మారుతి 1000 వచ్చి, డిక్కీ ఉన్న కుటుంబపు కారులో కూడా అంబాసిడర్‌కు పోటీ ఉందని తెలియజేసింది. 1991 జూలైలో కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించారు. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కరలేకుండా పోయింది. సరిగ్గా ఈ సంధికాలంలో, 1992-93లో, అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ వెలువడింది.

దానిలో ఏమేమి వచ్చాయో వరుసగా చూడండి. ఇసుజు 1,817 సీసీ పెట్రోలు ఇంజను, 75 హార్స్ పవర్. అయిదు గేర్ల పెట్టె. గేరు కడ్డీ స్టీరింగు కింద నుంచి నేలమీదికి దిగింది. ముందు బల్ల సీటుకు బదులు విడివిడి సీట్లు తీసుకునే వీలు. సీటు బెల్టులు. డ్యాష్‌బోర్డు నడుమ ఉండే మీటర్లు డ్రైవరు ఎదుటికి వచ్చాయి. 1959 నుంచి 1992 దాకా ముప్పైమూడేళ్ళలో జరగనిది ఒక్క నమూనాలో జరిగింది. ఆ నమూనా వచ్చిన కొత్తల్లో దేశంలో తయారయ్యే కార్లలో అత్యంత వేగంగా వెళ్ళేవాటిలో అంబాసిడర్ కూడా చేరిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఇది యాదృచ్ఛికమని నేననుకోను. ఇంజను ముందే ఉంది. గేరుపెట్టె ముందే ఉంది. తెలివీ, పనివాళ్ళూ ముందే ఉన్నారు. కొత్తగా వచ్చింది ఒకటే: కొనేవాడు చెయ్యి జారిపోతాడన్న భయం. అంబాసిడర్ చరిత్రలో తయారీదారుడు కొనేవాడిని చూసి భయపడిన మొదటి సంవత్సరాలు ఇవే. బండిని నడుపుకోవడానికి కొనేవారికి అన్నిటికన్నా మేలైన సంవత్సరాలు కూడా ఇవే కావడంలో ఆశ్చర్యం లేదు.

తరువాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1990ల చివరికి ఇసుజు 1,995 సీసీ డీజిలు కూడా అంబాసిడర్‌లోకి వచ్చింది. పాత 37 హార్స్ పవర్ ఇంజనుతో పోలిస్తే అది వేరే లోకం. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, పవర్ స్టీరింగు కూడా క్రమంగా అందుబాటులోకి వచ్చాయి. 2003లో గ్రాండ్, 2004లో ఏవిగో వచ్చాయి. ఏవిగోలో మీటర్లు మళ్ళీ డ్యాష్‌బోర్డు నడుమకు వెళ్ళాయి. కాని అప్పటికి రోడ్డు నిండింది. 1998 చివర్లో వచ్చిన టాటా ఇండికా డీజిలు, టాక్సీవాడిని కూడా తీసుకుపోయింది. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగాక, 2003లో ప్రధానమంత్రి వాహనశ్రేణిలో అంబాసిడర్ స్థానాన్ని బీఎండబ్ల్యూ తీసుకుంది. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదుతో సహా పెద్దనగరాల్లో భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణాలు అమలై, పాత ఇంజనులకు అక్కడ తలుపులు మూసుకున్నాయి. ఆ ప్రమాణాలకు సరిపడేలా 2013లో ఎన్‌కోర్ తెచ్చారు. 2013-14లో అమ్ముడైన బండ్లు రెండువేల పైచిలుకు మాత్రమే. 2014 మే 24న ఉత్తరపారాలో పని ఆపివేశారు. రెండువేలకు పైబడిన కార్మికుల జీవనం దానితో ఆగింది. 2017లో అంబాసిడర్ అన్న పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్‌లోని ప్యూజో సంస్థ కొనుక్కుంది.

* * *

ఇక కొనేవాడి దృష్టితో చూద్దాం. చరిత్ర ఒక సంవత్సరాన్ని చూపించినా, రోడ్డూ చట్టమూ తమ మాట తాము చెబుతాయి.

మొదటిది చట్టం. సొంతకారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది. తర్వాత బండిని తనిఖీ చేయించి అయిదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. ఈ పునర్నమోదు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 5,000 రూపాయలు చేశారు. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకు దానిని 10,000 రూపాయలకు పెంచారు. అంటే 1993 నాటి ఐఎస్‌జెడ్ కొనేవాడు అయిదేళ్ళకొకసారి ఈ ఖర్చుకు సిద్ధపడాలి. మార్క్ 2 కొనేవాడికి మరో దారి ఉంది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభయ్యేళ్ళు దాటి, రూపం చెడకుండా ఉన్న సొంత బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కాని అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ అటువంటి పనులకే తీయాలి. రోజూ కూరగాయలకు తీసుకువెళ్ళడానికి కుదరదు. 1975 నాటి మార్క్ 3 బండ్లు ఇప్పుడిప్పుడే ఈ గీత దాటుతున్నాయి.

రెండవది ఇంధనం. 2000లో సీసం కలిసిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. పాత 1,489 సీసీ ఇంజను సీసపు పెట్రోలు కాలం నాటిది. దాని వాల్వు సీట్లు గట్టివి వేయించారో లేదో అమ్మేవాడిని అడగాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలూ, కార్బొరేటర్‌లోని వాషర్లూ దానికి ఓర్చుకోలేవు. ఏ ఏటి పెట్రోలు అంబాసిడర్ కొన్నా ఈ గొట్టాలన్నీ మార్పించుకోవడం మొదటి పని.

మూడవది ఊరు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీని ఏ సంవత్సరం బండి మంచిదని అడిగితే, "సంవత్సరం కాగితం మీద ఉంటుంది సార్, తుప్పు కింద ఉంటుంది. ముందు కిందికి దూరి చూడండి" అన్నారు. వేరే చట్రం లేని బండి కాబట్టి నేలరేకు, తలుపుల కింద అంచులు, జాకీ పెట్టే చోటు తుప్పు తింటే బండి బలమే పోయినట్టు. బందరు, కాకినాడ, విశాఖ వంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఆరుబయట నిలిచిన 1995 బండికన్నా, అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో నీడపట్టున ఉన్న 1980 బండి నయం కావచ్చు. ముందు చక్రాల కింగ్‌పిన్నులకు వేళకు గ్రీజు కొట్టించారా లేదా అన్నది కూడా సంవత్సరంకన్నా పెద్ద విషయమే. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆ సంగతి తెలిసిపోతుంది.

నాలుగవది వంశం. పాత అంబాసిడర్లు మన దగ్గర మూడు ఇళ్ళ నుంచి వస్తాయి. ప్రభుత్వశాఖలు వేలం వేసినవి, టాక్సీలుగా తిరిగినవి, కుటుంబాల చేతుల్లో ఉన్నవి. ప్రభుత్వపు బండికి వాడకం పద్ధతిగా ఉంటుంది కాని, చివరి రోజుల్లో ఆఫీసు ఆవరణలో ఎండకూ వానకూ పడి ఉంటుంది. టాక్సీ ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో దేవుడికెరుక, ఇంజను బోరు ఎన్నిసార్లు అయిందో మేస్త్రీకెరుక. టాక్సీ ప్లేటు నుంచి సొంత ప్లేటుకు మారిన బండ్లూ ఉంటాయి, పాత కాగితాలు అడగాలి. కుటుంబపు బండి దొరికితే, సంవత్సరం రెండు మూడు అటూ ఇటూ అయినా పట్టించుకోనక్కరలేదు.

అయిదవది కాగితం. 1989కి ముందు మన రాష్ట్రంలో నమోదైన బండ్లకు ఇంగ్లీషు 'ఎ'తో మొదలయ్యే మూడక్షరాల నంబర్లు ఉండేవి. తర్వాత ఏపీ 09 వంటి జిల్లా సంఖ్యల పద్ధతి వచ్చింది. మూడక్షరాల నంబరు మీద నేలగేరూ ఇసుజు ఇంజనూ కనిపిస్తే, అది తరువాత మార్చిన బండి అని అర్థం. అటువంటి మార్పు తప్పేమీ కాదు, చాలామంది చేయించుకున్నారు. కాని ఇంజను నంబరు సి-బుక్కులోకి ఎక్కిందో లేదో చూసుకోకపోతే రవాణా కార్యాలయంలో చిక్కు తప్పదు. వింటేజ్ నమోదు ఆశ ఉన్నవారు అటువంటి బండి జోలికే పోకూడదు.

* * *

ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచిన తీర్పు ఇది. చూసుకోవడానికీ, దాచుకోవడానికీ అయితే 1962-75 మధ్య మార్క్ 2. మార్క్ 3, మార్క్ 4 పెట్రోలు బండ్లు చౌకగా దొరికి, రేకు బాగుంటే తప్ప వాటి సంవత్సరంలో ప్రత్యేకమైన గుణమేమీ లేదు. 37 హార్స్ పవర్ డీజిలు బండి జ్ఞాపకాలకు బాగుంటుంది, ప్రయాణాలకు ఓపిక కావాలి. చివరి కాలపు ఎన్‌కోర్ వయసులో చిన్నదే కాని, తయారైనవే తక్కువ. నెలకు నాలుగుసార్లు ఊరికి పోయిరావడానికి, పిల్లలనూ పెద్దలనూ కూర్చోబెట్టుకుని రోడ్డెక్కడానికి అయితే 1992 నుంచి 1990ల చివరి వరకు వచ్చిన ఇసుజు బండి. నేను వెతుకుతున్నది దానినే, పెట్రోలులో.

అంబాసిడర్ అనగానే మనలో చాలామందికి మనసు మెత్తబడుతుంది. కలెక్టరుగారి తెల్లకారు, పెళ్ళికొడుకు పూలకారు, వెనుక సీటులో అయిదుగురు, ముందు బల్ల మీద ముగ్గురు. ఆ మమకారాన్ని నేను తక్కువ చేయను. నేనూ ఆ మమకారంతోనే కొనబోతున్నాను. కాని ఆ మమకారం చాటున ఒక లెక్క మరుగున పడకూడదు. 55 హార్స్ పవర్ 75 కావడానికి ముప్పైమూడేళ్ళు పట్టింది, మన ఇంజనీర్లకు చేతకాక కాదు. వరుసలో నిలబడి డబ్బు కట్టిన రెండు తరాలవారు ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించారు. వారిలో చాలామంది అంతకన్నా మంచి కారు నడపకుండానే వెళ్ళిపోయారు.

కాబట్టి పాతకారు ఏ సంవత్సరానిదని అడిగేటప్పుడు దానితో పాటు మరొక ప్రశ్న కూడా అడగడం మంచిదని నా అభిప్రాయం. ఆ ఏడు ఆ బండిని తయారుచేసినవాడికి, కొనేవాడు వేరే కొట్టుకు పోగలడన్న స్పృహ ఉందా? ఉన్న సంవత్సరాన్నే ఎంచుకోండి. మిగతాది నేలరేకు చూసి తేల్చుకోవచ్చు.